నేను వేసిన కేక

గుంటూరు మిర్చి యార్డులో నన్ను ఇప్పటికీ కొందరు బస్టాపు అంటారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు కారణం తెలియదు, పెద్దవాళ్ళు అంటుంటే విని అంటారు. తెలిసినవాళ్ళు మాత్రం ఒక చెయ్యి పైకెత్తి నిలబడి, "ఏరా, బస్సు దొరికిందా?" అని అడిగి వాళ్ళే నవ్వుకుంటారు. ముప్పై అయిదేళ్ళ నుంచీ ఇదే హాస్యం. కోల్డ్ స్టోరేజీలో రెండేళ్ళుంటే మిరపకాయకు కూడా రంగు పోతుంది. ఈ హాస్యానికి మాత్రం పోలేదు.

నేను హమాలీని. ఇప్పుడు బస్తాలెత్తడం తగ్గించి ముఠాకు మేస్త్రీగా ఉన్నాను. అంతకు ముందు ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. యార్డులో చేరాక కూడా నలభై దాటేదాకా ఆడాను. మా వైపు ఎవరికైనా ఫుట్‌బాల్ ఆడానని చెబితే, ఎన్ని గోల్స్ కొట్టావని అడుగుతారు. ఒక్కటీ కొట్టలేదు. నేను స్టాపర్‌ని. గోలీకి, అంటే గోల్‌కీపర్‌కు, కాస్త ముందు నిలబడి, వచ్చేవాణ్ణి రానివ్వకుండా చూడటం నా పని. గోలు కొట్టినవాణ్ణి భుజాల మీద ఊరేగిస్తారు. గోలు కాకుండా ఆపినవాడు ఇంటికెళ్ళి తన మేజోళ్ళు తనే ఉతుక్కుంటాడు. దాని గురించి నాకెప్పుడూ బాధ లేదు. నా బాధ వేరే.

మా మున్సిపల్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు జట్టును ఎంచిన పద్ధతి చెబితే మీరు నమ్మరు. తొమ్మిదో తరగతి వాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి భుజంతో గట్టిగా గుద్దాడు. పడినవాళ్ళంతా ముందుకు, పరుగెత్తడానికి. పడనివాళ్ళు వెనక్కి. ఆ రోజు ఇద్దరం పడలేదు. ఒకణ్ణి నేను. రెండోవాడు మా వెనక వీధి వాడు, నాకన్నా రెండేళ్ళు పెద్ద, లెక్కల పుణ్యమా అని తొమ్మిదిలో నాతో కలిశాడు. మాస్టారు మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, "ఎద్దుల జత కుదిరిందిరా" అన్నాడు. అప్పటి నుంచి అతను కుడి స్టాపర్, నేను ఎడమ స్టాపర్.

గ్రౌండంతా నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తే కాలివేళ్ళు ఇరుక్కునేవి. వానాకాలం అడుగేస్తే బూటు నేలలో ఉండిపోయి కాలొక్కటే పైకొచ్చేది. బూట్లున్నవాళ్ళ సంగతి లెండి అది. మా ఇద్దరికీ లేవు. అతనికి తండ్రి కూడా లేడు. వాళ్ళమ్మ జిన్నింగు మిల్లులో పత్తి ఏరేది. మధ్యాహ్నం అన్నానికి ఎక్కువగా మా ఇంటికే వచ్చేవాడు, మా అమ్మ అడక్కుండానే రెండు కంచాలు పెట్టేది.

మా నాన్న పన్నెండు మంది హమాలీల ముఠాకు మేస్త్రీ. మిర్చి సీజన్ వచ్చిందంటే మేమిద్దరం ఆ ముఠాలో రోజుకూలికి వెళ్ళేవాళ్ళం. మా యార్డులో మిర్చి బస్తాను టిక్కీ అంటారు. మామూలుగా ఒకడే వీపున వేసుకుని మోస్తాడు. కానీ బస్తా మీద బస్తా పేర్చుకుంటూ వెళ్ళి, వరస మనిషెత్తు దాటిందంటే మాత్రం ఇద్దరు చెరో చివర పట్టుకుని, ఊపి, ఒక్కసారే పైకెత్తాలి. ఒకడు ముందు, ఒకడు వెనక అయితే బస్తా బరువంతా ముందెత్తినవాడి నడుం మీద పడుతుంది. మా ముఠాలో అలా నడుం పోయినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళను చూపించే నాన్న మాకు పని నేర్పాడు.

"బస్తాను చూడమాకండ్రా. అవతలోడి భుజం చూడండి. కేక ఒకడే ఎయ్యాలి. కేక పడ్డాక రెండోవోడు ఆలోచించకూడదు. ఆలోచించాడా, మొదటివోడు మంచాన పడతాడు."

నా గొంతు పెద్దది కాబట్టి కేక వేసే పని నాకిచ్చాడు. "లేపు!" అంటే చాలు, బస్తా ఎగిరి పై వరస మీద కూర్చునేది.

స్కూలు అయ్యాక ఊళ్ళో ఒక క్లబ్బులో ఆడాం. అక్కడి కోచ్ మాకు ఆఫ్‌సైడ్ ఉచ్చు నేర్పాడు. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. అవతలి జట్టు వాడు తన ఫార్వర్డుకు బంతి అందించబోయే క్షణంలో, వెనక ఉన్న మేమంతా ఒకేసారి ముందుకు జరుగుతాం. ఆ ఫార్వర్డు మా వెనక ఒంటరిగా మిగిలిపోతాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తుతాడు. ఇక వాడు గోలు కొట్టినా చెల్లదు. అయితే మాలో ఒక్కడు కదలకుండా వెనకే ఉండిపోయినా ఉచ్చు తెగినట్టే, ఫార్వర్డు దర్జాగా గోలీ దాకా వెళ్ళిపోవచ్చు. కాబట్టి ఒకడు కేక వెయ్యాలి, రెండోవాడు ఆలోచించకుండా కదలాలి. ఇది మాకు ఒకరు నేర్పాలా? యార్డులో రోజూ చేసేదే. "ఒరేయ్, లేపు!" అనేవాణ్ణి. కుడి స్టాపర్ కదిలాడో లేదో నేను తల తిప్పి కూడా చూసేవాణ్ణి కాదు. చెయ్యి పైకెత్తి లైన్స్‌మన్‌ను చూసేవాణ్ణి, అప్పటికే జెండా లేచి ఉండేది.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. బయట వెతకడం ఎందుకు, వీడున్నాడుగా అన్నాను. అన్నది నేనే, ఎవరో కాదు. అప్పటికి అతను వాళ్ళమ్మ పనిచేసే మిల్లులోనే కూలికి వెళ్తున్నాడు. చెల్లెలు తల దించుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంటే ఇష్టమేనని అమ్మ తేల్చింది. నాన్న మాత్రం, "కుర్రాడు మంచోడే. పని చూస్తే మిల్లు తెరిస్తే ఉంది, మూస్తే లేదు" అన్నాడు. అయినా ఆ నెలలోనే తాంబూలాలు పుచ్చుకున్నారు.

తాంబూలాల రోజు సాయంత్రం చెల్లెలు నన్ను పట్టుకుంది. "అన్నయ్యా, ఇంక ఆయన్ని ఒరేయ్ ఒరేయ్ అనమాక. బావా అను" అంది. నాకు సిగ్గేసింది. పదేళ్ళు ఒరేయ్ అన్నవాణ్ణి బావా అనడానికి నోరెలా తిరుగుతుంది? నాలుగు రోజులు అసలు ఏ పిలుపూ లేకుండా నెట్టుకొచ్చాను.

అప్పుడే కోచ్ మా ఇద్దర్నీ పిలిచి ఒక సంగతి చెప్పాడు. ఆదివారం మా జిల్లా జట్టుకూ ప్రకాశం జట్టుకూ ఆట ఉంది. దాన్ని చూడటానికి ఒక డిపార్ట్‌మెంటు వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ జట్టుకు ఒక్క స్టాపర్ కావాలి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. ఆడినన్నాళ్ళు ఆడొచ్చు, కాళ్ళు అరిగాక కుర్చీలో కూర్చోవచ్చు. "మీ ఇద్దర్లోనే ఒకణ్ణి తీసుకుంటారు" అన్నాడు. యార్డు గేటు దగ్గర టీ తాగుతూ మేమిద్దరం మాటనుకున్నాం. ఎవడికొస్తే వాడిది, రెండోవాడు ఏడవకూడదు. చేతులు కూడా కలుపుకున్నాం.

ఉద్యోగం మాట పక్కన పెట్టండి. నాకు ఆట కావాలి. గడ్డి ఉన్న గ్రౌండు మీద, బూట్లేసుకుని, రైల్లో వేరే రాష్ట్రాలకు వెళ్ళి ఆడాలి. ఆ కోరిక ఎంత ఉండేదంటే, అన్నం తింటూ కాళ్ళు కదిలించేవాణ్ణి. అమ్మ తిట్టేది.

శనివారం మధ్యాహ్నం యార్డు రేకుల షెడ్డు కింద నాన్నా నేనూ క్యారేజీ విప్పుకుని కూర్చున్నాం. సంగతి చెప్పాను. నాన్న ఎప్పుడూ నా ఆట గురించి ఒక్క మాట అడిగినవాడు కాదు. ఆ రోజు అడిగాడు.

"ఏం చూసి తీసుకుంటారు వాళ్ళు?"

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. పక్కన రాలిన మిరపకాయలు నాలుగు ఏరి, గోనె మీద వరసగా పెట్టాను. ఇది నేను, ఇది వాడు, ఈ చివరవి రెండూ పక్క బ్యాకులు. తొడిమ లేని కాయ అవతలి ఫార్వర్డు. ఉల్లిపాయ ముక్క బంతి. కేక వెయ్యగానే మేమెలా జరుగుతామో కాయలు జరిపి చూపించాను. నాన్న అన్నం కలపడం ఆపేసి చూశాడు.

"ఈ రెండోది కదల్లేదనుకో. ఏమైద్ది?"

"కదలకపోవడం ఏంటి నాన్నా?"

"మాటకి."

"మాటకైతే, నేను చెయ్యెత్తుకుని ఎర్రిబాగులోడిలా నిలబడతా. చూసినోళ్ళు తప్పు నాదే అనుకుంటారు."

"మరి వాడో?"

"వాడు ఎనకే ఉంటాడుగా. ఉరికి బంతి ఆపాడంటే వాడే మొనగాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. నాన్న కాయలు ఏరి బస్తాలో వేసి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఇన్నాళ్ళకు మా నాన్న నా ఆట గురించి అడిగాడని ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆదివారం ఆటలో మేం ఒక గోలు ముందున్నాం. ఇంకాసేపట్లో అయిపోతుంది. జనం ఒకటే గోల. గెలుపు తొందరలో మా పక్క బ్యాకులిద్దరూ ఎప్పుడో పైకెళ్ళిపోయారు, వెనక మేమిద్దరమే మిగిలాం. అవతలి ఫార్వర్డు పొట్టివాడు, చురుకైనవాడు, మా ఇద్దరి మధ్య తచ్చాడుతున్నాడు. దూరంగా వాళ్ళవాడు బంతి అందించడానికి తలెత్తాడు. నేను కేక వేశాను. ఒరేయ్ అనబోయిన నోరు దానంతట అదే తిరిగింది.

"బావా, లేపు!"

అడుగు ముందుకేసి చెయ్యెత్తాను. జెండా లేవలేదు. లైన్స్‌మన్ నా వెనక్కి చూస్తూ పరుగెత్తుతున్నాడు. తిరిగి చూస్తే పొట్టివాడు గోలీని తప్పించేశాడు, బంతి గోల్లోకి దొర్లుతోంది. అప్పుడు ఎక్కడి నుంచి వచ్చాడో మా కుడి స్టాపర్ నేల మీద జారుకుంటూ వచ్చి గీత మీద బంతిని తన్నేశాడు. గ్రౌండు దద్దరిల్లింది. కాసేపటికి విజిల్ పడింది. మేం గెలిచాం. అందరూ అతన్ని భుజాలమీదికి ఎత్తుకున్నారు. నా చెయ్యి ఎప్పుడు దించానో నాకు గుర్తులేదు. బాగా ఆలస్యంగా దించానని మాత్రం యార్డులో అందరూ చెబుతారు.

కోచ్ మమ్మల్ని పక్కకు పిలిచాడు. "కేక వేశావా?" అని నన్నడిగాడు.

"వేశాను సార్."

"విన్నావా?" అని అతన్నడిగాడు.

అతను మోకాలి మీద మట్టి దులుపుకుంటున్నాడు. నా వైపు చూడలేదు. "లేదు సార్. నాకేం వినపళ్ళేదు. వీడే ఎల్లిపోయాడు, నేను ఎనక చూసుకున్నా" అన్నాడు.

గోలీ కూడా వినలేదన్నాడు. ఆ గోలలో వాడికేం వినపడుతుంది? వారమంతా యార్డులో రంగు పోయిన తాలుకాయలు ఏరి ఉన్నాం, ఘాటుకు నా గొంతు బొంగురుపోయిన మాట నిజం. కేక మనసులో వేసుకుని బయటకు వేశాననుకుంటున్నావేమోరా అన్నాడు కోచ్, జాలిగా. మొదట కోపం వచ్చింది. తర్వాత అనుమానం వచ్చింది. నిజంగా వేశానా? అతను నా జత. పదేళ్ళు నా కేకకు ఒక్కసారీ ఆలోచించనివాడు. అతను వినలేదంటే నేను వెయ్యలేదనే కదా. అబద్ధం చెప్పాడేమోనన్న ఆలోచన కూడా నాకు రాలేదు. నా చెవుల కన్నా, నా గొంతు కన్నా అతన్నే ఎక్కువ నమ్మాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆ కేకలో బావా అన్నానన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కోచ్‌కూ చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. వేశానో లేదో తెలియని కేక, అందులో బావా అని కూడానా? బస్టాపు ఒక్కటి చాలు, దానికి తోడు ఇంకోటి ఎందుకని మింగేశాను.

ఉద్యోగం అతనికొచ్చింది. శ్రావణంలో పెళ్ళయింది. పెళ్ళిలో తోరణాలు కట్టింది నేనే, వాళ్ళ సామాను మోసింది నేనే. ఎవడికొస్తే వాడిది అనుకున్నాంగా. నేను మాట మీద నిలబడ్డాను.

మా యార్డులో ఒక ఆనవాయితీ ఉంది. ముఠాలో తండ్రి స్థానం, ఆయన లైసెన్సు కొడుక్కి వస్తాయి. అల్లుడికి రావు, మేనల్లుడికి రావు. పెళ్ళైన వారానికి నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, "రేపట్నించి నా జత వీడే" అని ముఠాకు చెప్పాడు. పదహారేళ్ళు బస్తాకు ఒక చివర ఆయన, ఇంకో చివర నేను. కేక నాదే. ఆ పదహారేళ్ళలో నాన్న ఒక్కసారి కూడా ఆలస్యంగా ఎత్తలేదు. నా నడుం ఇవాళ్టికీ గట్టిగా ఉందంటే ఆయన పుణ్యమే.

ఆట మానలేదు. అయితే అదంతా ఊరూరి టోర్నమెంట్ల ఆట. చీమకుర్తిలో గ్రానైట్ పొడి పేరుకున్న గ్రౌండు మీద, క్వారీల్లో పనిచేసే ఎక్కడెక్కడి రాష్ట్రాల వాళ్ళతోనో ఆడాను. ఆట అయ్యేసరికి అందరం పిండిలో పొర్లినట్టుండేవాళ్ళం. వాడరేవులో ఇసుక మీద బెస్తవాళ్ళ జట్టుతో ఆడాను. వాళ్ళ కాళ్ళు ఇసుకలో దిగవు, మా కాళ్ళు దిగితే రావు. గొప్పగా చెప్పుకోవడం కాదు గానీ, నన్ను దాటిపోయినవాళ్ళు తక్కువ. కానీ ఆ ఆదివారం తర్వాత నేను ఒక్క ఆటలోనూ ఉచ్చు వెయ్యలేదు. కేక వెయ్యలేదు. గోలీ ఒళ్ళో కూర్చున్నట్టు వెనకే ఆడాను. "కొంచెం ముందుకు జరుగన్నా" అని జట్టువాళ్ళు బతిమాలేవాళ్ళు. విసుక్కునేవాణ్ణి. నా గొంతు మీద నాకు నమ్మకం లేదని వాళ్ళకెలా చెప్పను?

బావ ఏటా దసరాకు ఒక జత బూట్లు పంపేవాడు. డిపార్ట్‌మెంటు ఇచ్చినవి, కొద్దిగా వాడినవి. మా ఇద్దరి పాదాలూ ఒకే కొలత. అతను ఆడినన్నాళ్ళూ, ఆట మానేసి కుర్చీలో కూర్చున్నాక కొన్నేళ్ళూ పంపాడు. మా బావ పంపాడని వాటిని చూపించి ఊరంతా చెప్పుకున్నాను. బావ అంటే అలా ఉండాలి అన్నారు అందరూ. నేనూ అన్నాను.

పోయిన నెల బావ రిటైరయ్యాడు. మంగళగిరిలో ఇల్లు కట్టుకున్నారు కాబట్టి అక్కడే ఒక హాలు మాట్లాడి భోజనాలు పెట్టాడు. హాలు మొదటి అంతస్తులో ఉంది. నాన్నకు ఎనభై దాటాయి, మోకాళ్ళు పనిచెయ్యవు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, క్యాటరింగ్ వాళ్ళ చేత మెట్లెక్కించాం. చెల్లెలు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, హాలంతా తనదే అయినట్టు తిరుగుతోంది. దాని ముఖంలో అంత వెలుగు పెళ్ళప్పుడు కూడా చూడలేదు.

ఆఫీసువాళ్ళు మాట్లాడారు, శాలువాలు కప్పారు. ఆఖర్న బావకు మైకిచ్చారు. బావ మంచి మాటకారి. కళ్ళు తుడుచుకుంటూ అందరికీ దండాలు పెట్టి, నన్ను వేలితో చూపించాడు. అప్పుడు నా చేతిలో సగం కొరికిన బూరె ఉంది.

"మీకొక సంగతి చెప్పాలి. మా బావమరిది, నా స్టాపర్. వీడు నన్ను పదేళ్ళు ఒరేయ్ అనేవాడు. మా తాంబూలాలయ్యాక కూడా బావా అనడానికి సిగ్గు. మొట్టమొదట బావా అన్నది ఎక్కడో తెలుసా? గ్రౌండులో! ఇంకాసేపట్లో ఆట అయిపోద్దనగా, జనం అంతా అరుస్తావుంటే, అంతమందిలో 'బావా, లేపు' అని కేకేశాడండీ! నాకు ఒళ్ళు ఝల్లుమంది!"

హాలంతా నవ్వారు, చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా చెల్లెలు నవ్వింది. "నాకెప్పుడూ చెప్పలేదేంటి అన్నయ్యా!" అని అక్కణ్ణించే అరిచింది. దానికి ఏమీ తెలియదని ఆ క్షణమే నాకు అర్థమైంది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మా బావ అబద్ధం ముప్పై అయిదేళ్ళు అతికే ఉంది. అతికించినవాడే అతుకు ఎక్కడుందో మరిచిపోయాడు. నేను బావా అని కేక వేశానని ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. వింటే తప్ప ఇంకొకడికి తెలిసే దారి లేదు.

బూరె ఆకులో పెట్టేసి, అతను చేతులు కడుక్కునే చోటికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. వచ్చాడు. నన్ను చూసి నవ్వబోయి ఆగాడు. మైకులో ఏమన్నాడో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. తేలు కుట్టిన దొంగలా కుళాయి తిప్పి, చేతులు కడిగిందే కడుగుతున్నాడు.

"విన్నావన్నమాట" అన్నాను.

ఇంకోసారి సబ్బు అందుకున్నాడు.

"నన్ను పిచ్చోణ్ణి చేశావు గదరా. నా గొంతు నాదేనా కాదా అని ఇన్నేళ్ళు కొట్టుకున్నా. ఉద్యోగం కావాలంటే అడగొచ్చుగా? ఇచ్చేవాణ్ణిగా?" బావా అనలేదు నేను, నోటికి ఒరేయే వచ్చింది.

కుళాయి కట్టేశాడు. "నేనుగా అనుకోలేదురా. మీ చెల్లెలి మీద ఒట్టు. మామయ్య చెప్పాడు."

"ఏ మామయ్య?"

"మీ నాన్న. శనివారం సాయంత్రం మిల్లు దగ్గరికొచ్చాడు. మావాడికి నా లైసెన్సు ఉంది, నీకేముంది, నా కూతుర్ని ఏం పెట్టి సాకుతావు అన్నాడు. రేపు వాడు కేకేసినప్పుడు నువ్వు కదలమాక, ఎనకే ఉండి బంతి ఆపు అన్నాడు. మామయ్యకు ఆ ఉచ్చు సంగతి ఎట్టా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలవదురా."

నాకు తెలుసు. నాలుగు మిరపకాయలూ ఒక ఉల్లిపాయ ముక్కా పెట్టి నేనే నేర్పాను. ఎన్ని ప్రశ్నలడిగాడు! ఎంత శ్రద్ధగా చూశాడు! నా ఆట మీద మా నాన్న చూపించిన ప్రేమ అదొక్కటేనని ఇన్నేళ్ళూ దాచుకున్నాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను దొంగకు తాళంచెవి ఇచ్చి పక్కన కూర్చుని అన్నం తిన్నాను.

బావ మీద కోపం అప్పటికి సగం పోయింది. కడుపు కాలేవాడికి అన్నం పెట్టి ఒక మాట అడిగితే ఏం చేస్తాడు? కానీ మిగిలిన సగం ఎక్కడికి పోవాలి?

నాన్న కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఆయన ముందు గొంతుక్కూర్చున్నాను. చెవి దగ్గరికి వంగి, నిజమేనా అని అడిగాను. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయిస్తే బాగుండును.

"అవును. చెప్పా" అన్నాడు.

"నేనేం పాపం చేశా నాన్నా?"

"పాపం ఏంది? ఒక ఉద్యోగం, రెండు కడుపులు. నీకు నేనున్నా. దానికెవరున్నారు?" శాలువాల మధ్య తిరుగుతున్న చెల్లెలి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "పదారేళ్ళు నీ బస్తా రెండో కొన పట్టుకున్నా. ఒక్కసారన్నా వదిలానా? నువ్వే చెప్పు."

ఏం చెప్పను? వదల్లేదు. ఒక్కసారీ వదల్లేదు. ఒకసారి నాకు తెలియకుండా వదిలేసి, ఆ తర్వాత జన్మంతా గట్టిగా పట్టుకున్న మనిషిని ఏమని తిట్టాలో నాకు తెలియలేదు. ఏడుపొచ్చింది. ఘాటు అలవాటైన కళ్ళు, అంత తేలిగ్గా రావు నీళ్ళు. వచ్చాయి. ఉద్యోగం పోయినందుకు కాదు. నేను వేసిన కేక నిజమని ఆయనకు తెలుసు. యార్డులో ప్రతివాడూ బస్టాపు అంటుంటే, పక్కనే బస్తా రెండో కొన పట్టుకుని ఆయనా విన్నాడు. ఒక్కసారి, నా ఒక్కడికే, "నువ్వు కేకేశావులేరా" అని చెప్పొచ్చుగా? అది కూడా చెప్పలేదు.

అంతలో చెల్లెలు వచ్చింది. "అన్నయ్యా, కారొచ్చింది. నాన్నను దించండి" అంది. నా ముఖం చూసి, "ఏడుస్తన్నావా? పిచ్చి అన్నయ్య, ఆయన రిటైరైతే నువ్వు ఏడవటమేంటి" అని తన కొంగుతో నా కళ్ళు తుడిచింది. ఆ కొంగు పట్టు కొత్త వాసన వేస్తోంది. దానికి ఒక్క మాట చెబితే ఆ ఇల్లు, ఆ ముప్పై అయిదేళ్ళు, ఆ నవ్వు ఏమవుతాయో నాకు తెలుసు. చెప్పే హక్కు నాకుంది. చెప్పలేదు.

క్యాటరింగ్ వాళ్ళు భోజనాల దగ్గరున్నారు. కుర్చీకి కుడివైపు బావ వచ్చి వంగాడు. ఎడమవైపు నేను వంగాను. ఎవరూ చెప్పకుండానే పాత స్థానాల్లోకి వచ్చాం. నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా మెట్లను చూస్తున్నాడు. బావ కుర్చీ కాలు పట్టుకుని నా కోసం ఆగాడు. కేక నాది కదా, ఎప్పుడూ నాదే.

నేను వెంటనే వెయ్యలేదు. కేక వేసి చేతులు కదపకుండా ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ కుర్చీ ఎటు ఒరుగుతుందో, ఎవరి నడుం పోతుందో తెలుసు. నాన్నకు నాకన్నా బాగా తెలుసు. ఆయన తల తిప్పలేదు. నేను కుర్చీని చూడలేదు, ఆయన నేర్పినట్టే అవతలివాడి భుజం చూశాను. ఆ భుజం నా కేక కోసం కాచుకుని ఉంది.

ముప్పై అయిదేళ్ళుగా అతనికి వెయ్యని కేక వేశాను. భోజనాల దగ్గర గరిటెలు ఆగాయి, హాల్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"బావా, లేపు!"

కుర్చీ రెండు వైపులా ఒక్కసారే లేచింది. ఈసారి మా బావకు వినపడింది.